రాశావా?

చుక్కమ్మ అసలు పేరు ఆస్పత్రి జీతాల జాబితాలో తప్ప ఇంకెక్కడా వినపడదు. చిన్నప్పుడు గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచుతూ చుక్క కూడా కింద పడనిచ్చేది కాదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు అది. ఆ పేరే చివరికి బతుకుతెరువయింది. ఆస్పత్రి కింది అంతస్తులో మందులు కలిపే గది ఒకటుంది. బజార్లో దొరకని మందులు, దొరికినా కొందరి ఒంటికి పడని మందులు, ఎవరికి ఎలా కావాలో అలా అక్కడ తయారుచేస్తారు. పద్దెనిమిదేళ్ళుగా చుక్కమ్మ ఆ గదిలో చుక్కలు లెక్కపెడుతోంది. కూరలో ఉప్పు వేసేటప్పుడు కూడా చెంచాని వెలుతురుకి ఎత్తి చూస్తుందని ఇంట్లో ఎగతాళి.

నాన్న బోర్డులు రాసే మనిషి. ఏభై ఏళ్ళపాటు దుకాణాల నుదుళ్ళ మీద, లారీల వీపుల మీద, బడి గోడల మీద అక్షరాలు రాశాడు. స్కేలు పెట్టకపోయినా గీత తప్పని చెయ్యి. "ఊళ్ళో అందరి రాతలూ నేనే రాశాను, నా తలరాత రాసినవాడికి మాత్రం అన్నీ అక్షరదోషాలే" అని నవ్వేవాడు. గొంతులో పుండు లేచి, ఆపరేషన్లో స్వరపేటిక తీసేశాక ఆ నవ్వుకి చప్పుడు పోయింది. ఇప్పుడు మెడ ముందున్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తాడు. దానికి అడ్డంగా పలచని గాజుగుడ్డ వేలాడుతుంటుంది. ఏదైనా చెప్పాలంటే పలకా బలపం. ఒంట్లో సత్తువ పోయినా అక్షరాలు మాత్రం ముత్యాలే, ఒక్క తలకట్టు కూడా పక్కకి జరగదు.

జబ్బు గొంతుతో ఆగలేదు. భుజాల్లోకి, వెన్నులోకి పాకింది. ఇక నయం చేయడం మన చేతుల్లో లేదు, నొప్పి తెలియకుండా చూసుకుందాం అని డాక్టరమ్మ ఉన్న మాట చెప్పేసింది. నోట్లో పోసిన మందు కడుపులో నిలవలేదు. ఒంటికి అంటించే పట్టీలు తెస్తే, ఏభై ఏళ్ళు టర్పెంటైన్‌తో కడిగిన చర్మం పట్టీతోపాటే లేచి వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ చుక్కమ్మ గదికే చీటీ పంపింది. అదే మందుని చర్మానికి రాసే జెల్‌గా చేసివ్వమని.

చుక్కమ్మ పదకొండు రోజులు దాని మీదే కూర్చుంది. మామూలుగా నూనే నీళ్ళూ కలిపి గిలక్కొడితే పాలలా తెల్లబడుతుంది, కాసేపయ్యాక దేని దారి అది చూసుకుంటుంది. కానీ ఆ రెంటి మధ్యా రాజీ కుదిర్చే సబ్బులాంటి ద్రవాలు ఇంకో రెండుంటాయి. పాళ్ళు సరిగ్గా కుదిరితే, గిలక్కొట్టే పని కూడా లేకుండా, ఏదో ఒక్క చుక్క దగ్గర ఆ తెలుపంతా చటుక్కున మాయమై గాజుగిన్నె అవతలున్న అక్షరాలు చదవగలిగేంత తేటపడుతుంది. నూనె ఎక్కడికీ పోదు. వెలుగుకి కూడా ఆననంత చిన్న బొట్లయిపోతుంది. ఆ బొట్లు మందుని మోసుకుని, చర్మంలో కొవ్వు పొరల సందులు వదులు చేసుకుంటూ లోపలికి దూరతాయి. పన్నెండో రోజు పొద్దున అది తేటపడ్డప్పుడు చుక్కమ్మ పసిపిల్లలా చప్పట్లు కొట్టింది. పై అధికారి రెండుసార్లు పరీక్షలు చేయించి సంతకం పెట్టాడు. దాన్ని జెల్‌గా మార్చి, ఒక నొక్కుకి ఇంతే రావాలని కొలత పెట్టిన పంపు సీసాలో పోసింది. రాసిన రెండు నిమిషాలకి జిడ్డు లేదు, వాసన లేదు, మెరుపు కూడా లేదు.

"చూశారా, రాసినట్టే తెలీదు!" అని తన చెయ్యి మందు కలపని జెల్‌తో రుద్ది గదిలో అందరికీ చూపించింది.

రోజుకి ఒక్కసారి, పొద్దున పది గంటలకి, రెండు నొక్కులు. ఒకరోజు కుడిచెయ్యి, ఒకరోజు ఎడమచెయ్యి. ఇది బలమైన మందు, ఆటలొద్దు, వేళా కొలతా ప్రతిరోజూ రాసి పెట్టుకోండి అంది డాక్టరమ్మ. నొప్పి పదిలో నాలుగు దాటితే మాత్రం వెంటనే చెప్పండి, పెంచుకుందాం అని కూడా అంది. చుక్కమ్మ గీతల పుస్తకం ఒకటి కొని, దారం కట్టి మంచం తలవైపు వేలాడదీసింది. తేదీ, వేళ, ఏ చెయ్యి, ఎన్ని నొక్కులు, నొప్పి ఎంత. రోజూ సాయంత్రం "నొప్పి ఎంత నాన్నా?" అని అడిగితే ఆయన రెండు వేళ్ళు చూపించి కనుబొమలు ఎగరేసేవాడు. ఆమె రెండు అని వేసుకునేది. ఇరవైమూడు రోజులు ఇరవైమూడు రెండ్లు. తన మందు పనిచేస్తోందని ఆమె నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

మన భాషలో ఒక తిరకాసుంది. మందు డాక్టరూ రాస్తాడు, ఒంటికీ రాస్తాం, పుస్తకంలోనూ రాస్తాం. ఆ ఇంట్లో మూడు రాతలకీ ఒకటే మాట నడిచింది, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఆ రోజు వరకు.

చుక్కమ్మకి పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో మందు రాసే పని తమ్ముడిది. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతిపనిలో దిట్టే, పుస్తకం దగ్గరికొచ్చేసరికి మొద్దు. మందు వేళకి రాస్తాడు, రాసినట్టు రాయడం మర్చిపోతాడు. అందుకని చుక్కమ్మ పనిలోంచి ఫోన్ చేసి మరీ "రాశావా? రాశావా?" అని చెవిలో జోరీగలా పోరుపెట్టేది. ఆ పోరు పడలేక వాడి బుర్రలో 'రాశావా' అంటే పుస్తకం అని పాతుకుపోయింది. పాతిందెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఆస్పత్రిలో తూకం యంత్రం మొరాయించింది. దాన్ని బాగుచేసేదాకా ఏ మందూ కలపడానికి లేదు, ఇంటికి పొమ్మన్నారు. పదీ ఇరవైకి చుక్కమ్మ ఇల్లు చేరింది. నాన్న కిటికీ పక్క మంచం మీద వెనక్కి వాలి ఉన్నాడు. తమ్ముడు వరండాలో ఫోన్ చెవికానించి ఎవరికో అరిచి చెబుతున్నాడు. ఎక్కడో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది, లోపల మనుషులున్నారు.

"ఒరేయ్, మందు రాశావా?" అంది చెప్పులు విప్పుతూ.

వాడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకా లేదక్కా, రాద్దామనేసరికి ఫోనొచ్చింది" అని మళ్ళీ అటు తిరిగాడు.

పుస్తకం చూసింది. ఆ రోజు గడి ఖాళీ. "వీడికి లోకంలో అందరి లిఫ్టులూ కావాలి" అని సణుక్కుంటూ చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కుంది. నిన్న కుడిచెయ్యి, కనక ఇవాళ ఎడమచెయ్యి. చొక్కా చెయ్యి పైకి మడుస్తుంటే నాన్న ఆమె మణికట్టు మీద రెండుసార్లు తట్టి, పలక అందుకుని ఒకే మాట రాశాడు.

"రాశాడు."

చుక్కమ్మ నవ్వింది. "ఎక్కడ రాశాడు నాన్నా, చూడు" అని పుస్తకం తెరిచి ఖాళీ గడి చూపించింది. "నీ కొడుకుని వెనకేసుకు రావడం మానవు నువ్వు."

నాన్న గడి వంక చూశాడు. ఆమె వంక చూశాడు. బలపం మళ్ళీ పలక మీద ఆన్చాడు. ఏమనుకున్నాడో, దాన్ని పక్కన పెట్టేసి చెయ్యి చాపాడు. ఆమె రెండు నొక్కులు నొక్కి, గుండ్రంగా మెల్లగా రాసింది. గోడ గడియారం చూసి పది ఇరవై అయిదు అని పుస్తకంలో వేసింది.

ఇరవై నిమిషాలయ్యాక తమ్ముడు లోపలికొచ్చి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి పుస్తకం అందుకున్నాడు. అందుకున్నవాడు ఆగిపోయాడు.

"ఇదేంటక్కా, నువ్వు రాసేశావు?"

"నేనే రాశాగా."

"అదే, పుస్తకంలో రాశావు సరే, వేళ తప్పు వేశావు. నేను రాసింది పదింటికి. కుడిచెయ్యి, నిన్నటి గడి చూసుకోలేదు."

"నువ్వు రాయలేదన్నావు కదరా!"

"పుస్తకంలో రాయలేదన్నా. మందు రాశా."

ఆ మాట పూర్తిగా చెవిన పడేసరికి చుక్కమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. తమ్ముడి మొహం చూసింది. వాడింకా అర్థం కాక పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఒక్క గెంతులో మంచం దగ్గరికి వెళ్ళి నాన్న కుడిచెయ్యి పట్టుకుని చూసింది. జిడ్డు లేదు, వాసన లేదు, మెరుపు లేదు. పైగా కిటికీలోంచి ఎండ తిన్నగా ఆ చేతి మీదే పడుతోంది. వేడి తగిలితే చర్మం రెట్టింపు తాగుతుందని ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"మంచం లాగు! ఎండలోంచి లాగు ముందు! తడిగుడ్డ తే, చల్లటిది!"

ఇద్దరూ కలిసి రెండు చేతులూ తుడిచారు, మళ్ళీ తుడిచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. మందుల గదిలో ఆమె ఎన్నోసార్లు చేసిన పరీక్ష కళ్ళ ముందుకొచ్చింది. గాజుగిన్నె మూతికి చర్మం ముక్కని డోలుకి తోలు బిగించినట్టు బిగించి, పైన జెల్ రాసి, కిందికి ఎంత దిగిందో గంట గంటకీ కొలుస్తారు. ఒకసారి మధ్యలో జెల్‌ని శుభ్రంగా తుడిచేసి చూసింది. తుడిచాక కూడా కాగితం మీద గీత రెండు గంటల పైగా పైకే వెళ్ళింది. మందు అప్పటికే చర్మంలో కాపురం పెట్టేసింది కనక. ఆ గీతని చూసి ఆ రోజు పొంగిపోయింది. ఇప్పుడా గీత నాన్న ఒంట్లో పైకి వెళుతోంది, దాన్ని కిందికి లాగే దారి ఆమెకి తెలియదు.

డాక్టరమ్మ ఫోన్లో ఒక్క మాట కూడా తిట్టలేదు. అందుకు చుక్కమ్మకి ఇంకా భయమేసింది.

"మొత్తం నాలుగు నొక్కులు. సరే. పిలిస్తే పలుకుతున్నారా?"

"కళ్ళు తెరుస్తున్నాడండీ. పలక మీద రాస్తున్నాడు."

"నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో లెక్కపెట్టండి. ఇప్పుడెంత?"

చుక్కమ్మ గాజుగుడ్డ కదలిక చూస్తూ లెక్కపెట్టింది. "పదహారండీ."

"ప్రతి పది నిమిషాలకీ చూడండి. విరుగుడు సూదితో నర్సుని పంపిస్తున్నాను. ఎనిమిదికి దిగినా, పిలిస్తే పలక్కపోయినా ఆవిడ సూది వేసేస్తుంది, బండిలో తీసుకొచ్చేయండి. ఆయన్ని నిద్రపోనివ్వకండి. మీరు ధైర్యంగా ఉండాలి."

ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? రోజంతా చుక్కలు లెక్కపెట్టే మనిషి ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టాలి. తమ్ముడు గోడకి చేరగిలబడి, "నావల్లే అక్కా, నావల్లే" అంటున్నాడు. "నోరుమూసుకుని గడియారం చూసి నిమిషం చెప్పు" అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

పదకొండుంబావుకి పధ్నాలుగు.

నర్సు పదకొండున్నరకి వచ్చింది. గట్టి మనిషి, నడివయసు. వస్తూనే నాన్న కనురెప్ప ఎత్తి చూసింది, వేలికి ప్రాణవాయువు కొలిచే పరికరం తగిలించింది, సూదిలో మందు ఎక్కించి మూత పెట్టి తెల్లగుడ్డ మీద పెట్టుకుంది.

"ఇప్పుడే వేసెయ్యొచ్చు కదండీ?" అంది చుక్కమ్మ.

"వేస్తే మత్తు చటుక్కున దిగుతుందమ్మా. దాంతోపాటు నొప్పి మందు చేసే పనంతా తుడిచిపెట్టుకుపోతుంది. నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. అలా అరిచినవాళ్ళని చూశాను నేను. తప్పదంటేనే వేస్తాను."

"నాన్నకి నొప్పి అంత లేదండీ. రోజూ రెండే."

"రెండా?" అంది నర్సు. ఆవిడ కళ్ళు మంచం ఇనప పట్టె మీదికి వెళ్ళాయి. నాన్న కుడిచెయ్యి ఆనే చోట తెల్లరంగు గోళ్ళతో గీరినట్టు లేచిపోయి ఉంది. ఆవిడ దాని మీద బొటనవేలితో ఒకసారి రాసి గడియారం వైపు తిరిగింది. పాత మంచం కదా అనుకుంది చుక్కమ్మ.

నిద్రపోనివ్వకూడదు కనక పలక చేతికిచ్చి, "నాన్నా, నీ పేరు రాయి" అంది. రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. పావుగంట తర్వాత "నా పేరు రాయి" అంది. 'చుక్క' అని రాసి ఆగాడు. మిగతాది ఆమె భుజం తట్టి గుర్తుచేస్తే 'మ్మ' అని చేర్చాడు, ఆ 'మ్మ' మిగతా వరసకి కొంచెం కిందికి జారింది. ఏభై ఏళ్ళలో నాన్న రాత వరస తప్పడం చుక్కమ్మ చూడలేదు.

పన్నెండుకి పన్నెండు. పన్నెండుంబావుకి పది.

లెక్కకీ లెక్కకీ మధ్య ఖాళీలో ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఇది మొదటిదానికన్నా పాడు భయం. నాన్నకి తెలుసు. కొడుకు మందు రాశాడని ఆయనకి తెలుసు. "రాశాడు" అని చెప్పాడు కూడా. తను తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు బలపం మళ్ళీ ఎత్తినవాడు ఎందుకు దింపేశాడు? ఇంకొక్క మాట, 'చేతికి' అని రాస్తే సరిపోయేది. చెయ్యి వెనక్కి లాక్కుంటే సరిపోయేది. లాక్కోలేదు సరికదా, చాపాడు. పోయిన వారం పలక మీద ఆయన రాసిన హాస్యం గుర్తొచ్చింది. "కొట్టు కట్టేసే వేళయింది" అని. ఆమె ఆ రోజు నవ్వి, "ఇంకా బేరాలున్నాయిలే" అని తుడిచేసింది. ఇప్పుడు ఆ మాట తుడిచినా పోవట్లేదు. నాన్న కావాలనే చెయ్యి చాపాడా? కూతురు చేసిన మందుని, కూతురి చేత్తోనే రాయించుకుని వెళ్ళిపోదామనుకున్నాడా?

"నాన్నా" అంది చెవి దగ్గరికి వంగి. "నాన్నా, వింటున్నావా? నువ్వు నాకు చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళకు."

నాన్న కళ్ళు సగం తెరిచాడు. చూపు ఆమె మీద నిలవలేదు.

పన్నెండూ నలభైకి తొమ్మిది.

నర్సు కుర్చీ ముందుకి లాక్కుంది. తమ్ముడి ఫోన్ మోగింది. వాడు ఎవరో కూడా చూడకుండా దాన్ని కట్టేసి జేబులో పడేసుకున్నాడు. వీధిలో ఎవరో పాత సామాన్లు కొంటామని అరుచుకుంటూ పోతున్నారు. పలక ఇచ్చి "అ అని రాయి నాన్నా, ఒక్క అ" అంది చుక్కమ్మ. ఇద్దరు పిల్లలకీ చెయ్యి పట్టుకుని ఆ అక్షరం దిద్దించింది ఆయనే. బలపం పలక మీద ఆనింది, సగం సున్నా చుట్టింది, అక్కడినుంచి వంకరగా జారి పలక అంచు దాటి దుప్పటి మీద పడింది. తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత" అంది నర్సు. "పెద్దాయనా! నా వేలు నొక్కండి. గట్టిగా! ఆఁ, నొక్కారు. నిమిషం మొదలుపెట్టు తమ్ముడూ."

ఒంటిగంటా పది. గాజుగుడ్డ లేచింది, ఒకటి. చాలాసేపు కదల్లేదు. రెండు. మూడు. నాలుగు. "ముప్ఫై సెకన్లు" అన్నాడు తమ్ముడు. అయిదు. ఆరు. నర్సు సూది చేతిలోకి తీసుకుంది. ఏడు. ఎనిమిది వచ్చాక గుడ్డ మెడకి అతుక్కున్నట్టు ఉండిపోయింది. "యాభై మూడు... యాభై అయిదు..." నర్సు సూది మూత తీసేసింది, రెండో చేత్తో నాన్న భుజం తడుముతోంది. "యాభై ఎనిమిది" అంటుండగా గుడ్డ చిన్నగా ఉబ్బి మళ్ళీ పడింది.

"తొమ్మిది" అంది చుక్కమ్మ. ఆ అంకె కోసం తను ఇంతగా బతిమాలుకుంటానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఇంకో నిమిషం" అంది నర్సు, సూది కిందపెట్టకుండా.

మళ్ళీ తొమ్మిదే. ఆ తర్వాత కూడా తొమ్మిదే. ఆ ముప్పావుగంటా ముగ్గురూ ఆ గుడ్డ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు కూర్చున్నారు. చుక్కమ్మ తనకి వచ్చిన మొక్కులన్నీ మొక్కింది, రానివి కల్పించుకుని మొక్కింది. మందు అంత తేటగా కుదరకుండా పాలలా విరిగిపోయి ఉంటే ఎంత బావుండేదో అనుకుంది. రెండింటికి పది. రెండున్నరకి పదకొండు. నర్సు సూదికి మూత పెట్టినప్పుడు వచ్చిన చిన్న చప్పుడికి తమ్ముడు కుర్చీలోంచి ఉలిక్కిపడ్డాడు.

మూడింటికి పదమూడు. నర్సు డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పి, "రాత్రివరకూ నేనుంటాను, కానీ గండం గడిచినట్టే" అంది. "ఇద్దరూ ఇంత మంచినీళ్ళు తాగండి. మొహాలు చూడలేకపోతున్నా." తమ్ముడు నీళ్ళు తెచ్చాడు. చుక్కమ్మ చేతిలో గ్లాసు వణికి నీళ్ళు ఒళ్ళో ఒలికాయి. చుక్క కూడా పడనివ్వని మనిషి చీరంతా తడుపుకుంది.

నాలుగింటికి నాన్న పూర్తిగా కళ్ళు తెరిచాడు. చుట్టూ చూశాడు, మంచం కిటికీ దగ్గర లేకపోవడం చూశాడు, ఇంట్లోకి నర్సు ఎలా వచ్చిందన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నర్సు ఆయన పాదాల మీద దుప్పటి సర్దుతోంది మరి. చుక్కమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అడగాల్సింది గొంతు దాకా వచ్చింది. ఎందుకు చెయ్యి చాపావు నాన్నా? అడగలేకపోయింది. ఏం జవాబొస్తుందోనని భయం. రోజూ అడిగేదే నోటికొచ్చింది.

"నొప్పి ఎంత నాన్నా?"

ఆయన వేళ్ళు చూపించలేదు. పలక అడిగాడు. ఒక్కో అక్షరం ఓపిగ్గా, తలకట్టు తర్వాత తలకట్టు, వరస తప్పకుండా రాశాడు.

"ఇవాళ నిజంగా రెండే."

చుక్కమ్మ ఆ వరస చదివింది. 'నిజంగా' అన్న మాట దగ్గర ఆగి మళ్ళీ చదివింది. తలవైపు వేలాడే పుస్తకం మీద ఆమె కన్ను పడింది. తన చేత్తో వేసిన ఇరవైమూడు రెండ్లు. పట్టె మీద గోళ్ళతో గీరిన చోటు ఇప్పుడు ఆమెకి కనపడింది. పొద్దున ఆయన చెయ్యి ఎందుకు చాపాడో కూడా తెలిసింది. నర్సు మొహం పక్కకి తిప్పుకుంది.

"మరి రోజూ ఎందుకు నాన్నా అబద్ధం చెప్పావు?"

నాన్న పలక తుడిచి మళ్ళీ రాశాడు.

"నువ్వు చేసిన మందు. చిన్నబుచ్చుకుంటావని."

"ఏం రాశాడక్కా?" అన్నాడు తమ్ముడు వెనకనుంచి. ఆమె పలక వాడి చేతికిచ్చి, ఫోన్ తీసి డాక్టరమ్మ నంబరు నొక్కింది. పొద్దుటినుంచీ పోతాడేమో అని వణికిన మనిషికి, ఈ ఇరవైమూడు రోజులు ఆయన ఎలా ఉన్నాడో తలచుకుంటే అంతకన్నా ఎక్కువ వణుకు పుట్టింది.

"చెప్పండమ్మా, ఎలా ఉన్నారు?" అంది డాక్టరమ్మ.

"బాగానే ఉన్నాడండీ. మందు కొలత పెంచాలండీ, మీరు చెప్పినట్టు, పద్ధతిగా. రోజూ రెండని నేను చెప్పింది నిజం కాదు."

"మరి ఎంత?"

చుక్కమ్మ ఫోన్ చెవికి ఉంచుకునే నాన్న వైపు తిరిగింది. "నాన్నా, నా మీద ఒట్టు. మామూలు రోజున ఎంత?"

నాన్న ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి అయిదు వేళ్ళూ విప్పాడు. కుడిచెయ్యి కూడా ఎత్తాడు. ఆ వేళ్ళు ఒకటి, రెండు, మూడు అని మెల్లగా విచ్చుకుని ఆగాయి.

"ఎనిమిదండీ" అంది చుక్కమ్మ ఫోన్లో.